తవిటయ్య నీలం పుస్తకం

గోపాలపట్నంలో రైలు పట్టాల పక్క సందులో వాల్వులు బాగుచేసే షాపు ఒకటి ఉంది. బోర్డు మీద రంగు లేచిపోయి పేరు సగమే కనిపిస్తుంది. దాన్ని మళ్లీ రాయించాలని ఎవరికీ తోచలేదు. పనికోసం వచ్చేవాళ్లు బోర్డు చూసి రారు. సందు మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగి, "తవిటయ్య పనిచేసే షాపెక్కడ?" అని అడిగి వస్తారు. యజమాని మోహనకృష్ణ దీన్ని చిన్నతనంగా అనుకోడు. వాళ్ల నాన్న కాకినాడ వైపునుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఈ షాపు పెట్టాడు. పోయేముందు కొడుక్కి రెండు తాళాలిచ్చి, "ఇది షెడ్డుది, ఇది బీరువాది. షాపు మాత్రం తవిటయ్య చేతిలో ఉంది," అన్నాడట.

తవిటయ్యది ఆనందపురం అవతల చిన్న ఊరు. తల్లిదండ్రులు కూరగాయలు పండించి జంక్షన్లో అమ్మేవారు. పదో తరగతిలో లెక్కలు పోయాయి. పదిహేడో ఏట స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు కింద పైపులు మోయడానికి వచ్చాడు. అక్కడ తుక్కులో పారేసిన వాల్వులుండేవి. మిగతావాళ్లు భోజనాలు చేసి నీడన నడుం వాల్చే వేళకి అతను వాటిని విప్పేవాడు, మళ్లీ బిగించేవాడు. ఎవరూ నేర్పలేదు. విప్పినదాన్ని బిగించలేకపోతే ఆ పూట తిండి సహించేది కాదంటాడు. అలా విప్పుతూ బిగిస్తూ నలభై ఏళ్లు గడిచాయి.

వాల్వంటే గొట్టానికి తలుపు. గ్యాసు పోయే దారిలో ఒక ఉక్కు పలక కిందికి దిగి, గట్టుమీద కూర్చుని దారి మూసేస్తుంది. పలక గట్టుమీద చుట్టూరా, వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంటేనే అది మూసినట్టు. ఏళ్ల తరబడి ఇసుకా ఉప్పూ తిన్న గట్టును మళ్లీ నున్నగా రుద్దడం తవిటయ్య పని. పోత ఇనుప పళ్లానికి గరుకు పేస్టు రాసి, ఎనిమిది అంకె తిప్పినట్టు చేత్తో రుద్దుతాడు. అయ్యాక పలకకు నీలం రంగు పల్చగా పూసి, గట్టుమీద కూర్చోబెట్టి లేపుతాడు. గట్టుకు నీలం అంటినచోట పలక తగిలినట్టు, అంటనిచోట సందున్నట్టు. చివరికి గట్టుమీద తెల్లకాగితం అద్దితే నీలిరంగు రింగు ఒకటి దిగుతుంది. రింగు ఎక్కడా తెగకపోతే పని అయినట్టే.

ఆ కాగితాలను తవిటయ్య పారేయడు. వాల్వు నంబరు, తేదీ రాసి, కింద సంతకం పెట్టి పుస్తకంలో అంటిస్తాడు. తొంభై రెండు నుంచి ఇప్పటిదాకా పధ్నాలుగు పుస్తకాలయ్యాయి. ఎందుకని అడిగితే, "ఎవుడైనా వొచ్చి నీ వాల్వు కారతందని అంటే సూపించడానికి," అంటాడు. ఇన్నేళ్లలో అలా ఎవరూ రాలేదు.

ఈ ఏడాది వర్షాలు మొదలయ్యేవేళకి షాపుకు పన్నెండు వాల్వుల మాట వచ్చింది. గోదావరి నది కలిసేచోటికి ఎదురుగా సముద్రంలో గ్యాసు తీసే ఒక కంపెనీవి అవి. ఇంతకుముందు పాడైతే ఓడ ఎక్కించి విదేశంలో తయారుచేసినవాళ్లకే పంపేవారు. తిరిగి వచ్చేసరికి ఏడెనిమిది నెలలు పట్టేది, ఆ వాల్వు ఉండాల్సిన బావి అన్నాళ్లూ మూతపడి ఉండేది. ఇప్పుడు ఒక వాల్వును ఈ షాపుకిచ్చి చూస్తామన్నారు. అది గట్టెక్కితే మిగతా పదకొండూ వస్తాయి, ఆపైన వచ్చేవన్నీ ఇక్కడికే వస్తాయి. గట్టెక్కకపోతే మళ్లీ ఓడే.

ఈ కొత్త ఊపు ఎందుకొచ్చిందో తవిటయ్యకు కూతురు శ్రీసత్య చెప్పింది. ఆమె కోర్టు దగ్గర ఒక లాయరు ఆఫీసులో జూనియరు. పొద్దున్నే తండ్రి ఇడ్లీ తింటుంటే ఎదురుగా కూర్చుని ఫోనులోంచి చదివి వినిపిస్తుంది.

"స్వాతంత్ర్యం వొచ్చిన మర్సటేడు రాసిన సట్టం నాన్న ఇది. నూనె బావులకీ గ్యాసు బావులకీ ఇన్నాళ్లూ అదే. మొన్న మార్చిలో పార్లమెంటులో మార్చారు. మనం వాడే ముడి చమురులో నూటికి ఎనభై పాళ్ల పైన బయటనుంచే వొస్తంది కదా. మన కింద ఉన్నది మనం తీసుకోవాల, తీసేవాళ్లకి దారి సులువు సెయ్యాలని."

"అందులో వాల్వు అనే మాట ఎక్కడుందో సూడు."

శ్రీసత్య కిందికీ పైకీ జరిపి చూసింది. "నాను సదివినంతలో కనిపించలేదు. భద్రత అని ఉంది."

"అదే మరి. ఢిల్లీలో దాన్ని భద్రత అంటారు, గోపాలపట్నంలో వాల్వు అంటారు."

అతని భార్య ధనలక్ష్మి చట్నీ వేస్తూ, "ఈ మాట మీ లాయరుగారికి సెప్పు సత్యా, ఫీజిస్తాడు," అంది.

"ఎటకారం కాదమ్మా. సట్టం కింద నియమాల ముసాయిదా ఏశారు. ఎవులైనా అభిప్రాయం రాసి పంపొచ్చంట. నాన్న పంపొచ్చు."

"నాకు అభిప్రాయాలు నేవు," అన్నాడు తవిటయ్య చెయ్యి కడుక్కుంటూ. "పనుంది."

వాల్వు అతని బల్లమీద తొమ్మిది రోజులుంది. మనిషి నడుమెత్తు వస్తువు. గట్టుమీద ఒకచోట గోరుతో తడిమితే తెలిసేంత గుంట. ఆరు రోజులు రుద్దాడు. ఐటీఐ చదివి మూడేళ్లుగా షాపులో పనిచేస్తున్న హరిచందన పేస్టు మార్చినప్పుడల్లా గట్టు తుడిచి పెట్టింది. తొమ్మిదో రోజు శనివారం నీలం పూసి కాగితం అద్దాడు. రింగు నిండుగా, చిక్కగా దిగింది. మధ్యాహ్నం కంపెనీ తరఫున ఇంజనీరు నాగవంశీ వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటని కుర్రాడు, మాట పొదుపు. అతని ముందు వాల్వును బిగించి, లోపల నీళ్లు నింపి, కంపెనీ కాగితంలో రాసిన ఒత్తిడికి ఎక్కించారు. పంపు దగ్గర శుభాకర్ కూర్చున్నాడు. షాపులో ఒత్తిడి పరీక్షలన్నీ అతనివే, తవిటయ్యకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. ఒత్తిడి చూపే ముల్లు కదల్లేదు. చుక్క కారలేదు. నాగవంశీ సంతకం చేసి, వాల్వుకు తీగె చుట్టి సీసం సీలు వేశాడు.

"సోమవారం లారీ వస్తుంది. మీ పాత పని రికార్డులు ఏమైనా ఉంటే ఫైలుకు జతచేయండి," అన్నాడు.

"రికార్డులా?" మోహనకృష్ణ ముఖం వెలిగింది. "పధ్నాలుగు పుస్తకాలున్నాయండి."

ఆదివారం పొద్దున్న ఇంట్లో శ్రీసత్య ఫైలుకోసం ఆ పుస్తకాలు ముందేసుకుని ఒక్కో పేజీ ఫోనులో ఫొటో తీయసాగింది. తవిటయ్య పక్కనే అరుగుమీద కూర్చుని వక్క కొరుకుతున్నాడు. ఏ వాల్వు ఎక్కడిదో చెబుతున్నాడు. ఇది పోర్టులో నూనె దించే గొట్టానిది. ఇది ఎరువుల ఫ్యాక్టరీది. ఇది తుపానొచ్చిన ఏడాది మూడు రోజులు ఇంటికి రాకుండా చేసింది. వింటుంటే ధనలక్ష్మి కూడా పని ఆపి గుమ్మంలో నిలబడింది.

పదో పుస్తకం దాటాక శ్రీసత్య ఫొటోలు తీయడం ఆపింది. మొదటి పుస్తకం తెరిచి పదమూడో పుస్తకం పక్కన పెట్టింది.

"నాన్న, మొదట్లో ఈ రింగులు దారప్పోగులాగ సన్నగా, కనిపించీ కనిపించనట్టున్నాయి. ఇప్పుడేటి, కాటుక పెట్టినట్టున్నాయి? రంగు కంపెనీ మార్చేసావా?"

"ఒకటే రంగు. ఏది సూడనీ."

తవిటయ్య రెండు పుస్తకాలూ ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత మిగతావి వరసగా పరిచాడు. ఎనిమిదో పుస్తకం దాకా రింగులు సన్నగానే ఉన్నాయి. అక్కడినుంచి ఏడాదికేడాది కాస్త కాస్త చిక్కబడ్డాయి. ఒక్కసారిగా అయితే కనిపెట్టేవాడే. పదేళ్లమీద అయింది. అతని కళ్లకు పల్చటి నీలం ఆనడం మానేసింది. కనిపించడంకోసం చెయ్యి దానంతటది ఇంకాస్త ఎక్కువ పూస్తూ వచ్చింది.

నీలం ఎక్కువైతే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. హరిచందనకు మొదటి రోజు చెప్పిన పాఠం అదే. నీలం పల్చగా ఉంటే నిజం చెబుతుంది. చిక్కగా పూస్తే సందులోకి కూడా పొంగి అంటుకుని, తగలనిచోట తగిలినట్టు చూపిస్తుంది.

"ఏటయింది?" అంది ధనలక్ష్మి.

తవిటయ్య నిన్నటి కాగితం తీసి కిటికీ వెలుతుర్లో పట్టుకున్నాడు. నల్లగా, నిండుగా, అందంగా ఉన్న రింగు. దాన్ని చూసి నిన్న మురిసిపోయాడు. చొక్కా వేసుకుని బయటికి నడిచాడు.

శుభాకర్ వెళ్లే చర్చి రెండు వీధుల అవతల. ఆరాధన అయ్యేదాకా గేటు పక్కన నిలబడ్డాడు. శుభాకర్ తెల్లచొక్కాలో, చంకలో బైబిలుతో బయటికొచ్చి అతన్ని చూసి ఆగాడు.

"ఏటి బావా, మా పాస్టరుగారు నీకోసమే ప్రార్థన సేత్తన్నారు. మారుమనసు పొందేసావా?"

"నిన్న నీళ్ల పరీక్ష సేసాం గదా. గాలి పరీక్ష ఎందుకు సెయ్యనేదు?"

"కంపెనీ కాగితంలో అడగనేదు గాబట్టి."

"మనం ఎప్పుడూ సేత్తాం గదా, అడక్కపోయినా."

శుభాకర్ నవ్వు తగ్గింది. "ఆ ఇంజనీరు టైం నేదన్నాడు. మోహన్ బాబు ఒగ్గీమన్నాడు. నీ రింగు బాగుంది గదా అనుకున్నాను. ఏం?"

పెద్ద ఒత్తిడితో నీళ్లు నెడితే ఆ బలానికే పలక గట్టుకు అతుక్కుపోతుంది, చిన్న సందు బయటపడదు. తక్కువ ఒత్తిడిలో గాలి పెడితే నెట్టే బలం ఉండదు, దొంగసందు దొరికిపోతుంది. ఇది ఇద్దరికీ తెలుసు. తవిటయ్య రింగులు చిక్కబడ్డ సంగతి చెప్పాడు. ఇన్నాళ్లూ ప్రతి వాల్వూ గాలి పరీక్ష దాటాకే బయటికెళ్లింది, ఇదొక్కటే దాటలేదు.

"సీలు ఏసేసాడు బావా," అన్నాడు శుభాకర్ చివరికి. "ఇప్పుడు ఇప్పాలంటే అతనికి సెప్పాల. సెప్తే మన బతుకు అతని సేతిలో ఉంటాది."

మోహనకృష్ణ ఇల్లు షాపు మీదే. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. అరిచే మనిషి కాదు.

"తవిటయ్య గారూ, వాళ్లడిగిన పరీక్ష మనం నెగ్గామండి. సంతకం కూడా అయిపోయింది. మీకొచ్చింది అనుమానమే కదా. వాల్వు బాగానే ఉండొచ్చు కూడాను."

"ఉండొచ్చు బాబు."

"ఎనిమిది మంది బతుకుతున్నామండి దీనిమీద. అనుమానంతో మనమే ఎదురెళ్లి మా పని మీద మాకు నమ్మకం లేదని చెబితే, ఇంకెవరైనా నమ్ముతారా?"

తవిటయ్య చేతిలోని కాగితం బల్లమీద పెట్టాడు. "ముప్పై మూడేళ్లు ఈ కాయితం కింద సంతకం పెట్టాను. ఎవుడైనా వొస్తే సూపిద్దామని. ఇయ్యాల నానే వొచ్చాను. నాకు ఏటి సూపిత్తారు?"

మోహనకృష్ణ కాగితంవైపు చూశాడు. తర్వాత ఫోను తీసుకుని నాగవంశీ నంబరు నొక్కి తవిటయ్య చేతికిచ్చాడు.

సోమవారం లారీ రాలేదు, నాగవంశీ వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సీలు తనే తెంపాడు. శుభాకర్ కంప్రెసరు గొట్టం ఒక పక్క తగిలించాడు. రెండో పక్క, మూసిన పలకమీద హరిచందన చెంబెడు నీళ్లు పోసింది. షాపులో గ్రైండర్లు ఆపేశారు. పట్టాలమీద గూడ్సు బండి పోయేదాకా ఆగారు. గాలి వదిలారు.

ఒక నిమిషం నీళ్లు కదల్లేదు. మోహనకృష్ణ ఊపిరి వదలడం అందరికీ వినిపించింది. రెండో నిమిషంలో అంచు దగ్గర, గుంట ఉండినచోట, ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. కాసేపటికి ఇంకొకటి.

"అదిగో," అన్నాడు తవిటయ్య. దాచుకున్న వస్తువు ఎక్కడుందో పిల్లలకు చూపించినట్టు వేలు పెట్టి చూపించాడు.

నాగవంశీ వంగి చాలాసేపు చూశాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసీది బాబు. సముద్రంలో తెలిసీది."

ఇంజనీరు నిటారుగా నిలబడ్డాడు. ఫోను తీసి ఎవరితోనో బయటికెళ్లి మాట్లాడాడు. మళ్లీ లోపలికొచ్చి, "గురువారం సాయంత్రం దాకా టైముంది. ఆ తర్వాత నా చేతిలో లేదు," అని వెళ్లిపోయాడు.

తవిటయ్య మొదట గట్టుమీద తడిగుడ్డ పెట్టి తుడిచి, కళ్లు మూసుకుని వేలికొసతో చుట్టూ తడిమాడు. కళ్లు మోసం చేసినా వేళ్లు ఇంకా చేయలేదు. గుంట పక్కన బియ్యపుగింజంత మేర పల్లం. అక్కడొక్కచోటే రుద్దితే కొత్త పల్లం పడుతుంది. గట్టంతా ఆ పల్లం లోతుకి దిగాలి. అంటే మొత్తం మళ్లీ రుద్దాలి. పళ్లెం మీద అరచేతులు పెట్టి మొదలుపెట్టాడు. అరగంటకోసారి చెవి దగ్గరపెట్టి వినేవాడు. గరుకు అరిగి పేస్టు మెత్తబడితే చప్పుడు మారుతుంది. అప్పుడు, "మార్చమ్మా," అనేవాడు, హరిచందన మార్చేది.

బుధవారం మధ్యాహ్నం నీలం డబ్బా ముందు పెట్టుకున్నాడు. వేలికి కొద్దిగా తీసి, ఆగి, డబ్బాను హరిచందన వైపు జరిపాడు.

"నువ్వు రాయి. నాకు కనబడీలాగ కాదు, నీకు కనబడీలాగ."

హరిచందన చేతులు తుడుచుకుంది. మూడేళ్లలో ఆ డబ్బా ఆమెకు ఎప్పుడూ దక్కలేదు. వేలికొసతో తీసి, పలకమీద పూసి, మళ్లీ సగానికిపైగా గుడ్డతో తీసేసింది. చూస్తే పలకమీద ఏమీ లేనట్టే ఉంది.

"అంతేనేటి?" అన్నాడు శుభాకర్ దూరంనుంచి. "దిష్టిచుక్కకైనా ఇంతకన్నా ఎక్కువ పెడతారు."

"అంతే," అంది ఆమె.

కాగితం అద్ది తీశారు. తవిటయ్యకు తెల్లకాగితమే కనిపించింది. హరిచందన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రింగు వెంట గోరు తిప్పుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ తెగింది బాబాయ్. అర అంగుళం."

ఆమె గొంతులో జంకు లేదు. అది చూసి తవిటయ్యకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. మళ్లీ పళ్లెం ఎత్తాడు. గురువారం పదకొండు గంటలకు మూడోసారి అద్దిన కాగితం మీద ఆమె గోరు ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగి మొదలుపెట్టినచోటికి వచ్చింది.

సాయంత్రం నాగవంశీ ముందు శుభాకర్ గాలి వదిలాడు. మామూలుగా ఇలాంటి పరీక్షకు ఉంచే సమయానికి రెట్టింపు సేపు ఉంచమన్నాడు తవిటయ్య. నీళ్లు అద్దంలా నిలిచాయి. పైకప్పు రేకులమీద వాన మొదలైంది. వాన చుక్క ఒకటి ఆ నీళ్లలో పడుతుందేమోనని శుభాకర్ టోపీ తీసి వాల్వుమీద గొడుగులా పట్టుకున్నాడు. చివరిదాకా ఒక్క బుడగ లేవలేదు.

నాగవంశీ సంతకం చేశాక, "శనివారం కాగితమూ బుధవారం తెగిన కాగితమూ కూడా ఇవ్వండి. ఇవాళ్టిదానితో కలిపి మూడింటికీ ఫొటో తీసి ఫైల్లో పెడతాను," అన్నాడు.

మోహనకృష్ణ తడబడ్డాడు. "ఆ రెండూ ఎందుకండీ?"

"మంచి రింగులు అందరూ చూపిస్తారండి. తప్పుగా వచ్చినవి చూపించిన షాపు నేను ఇంతవరకూ చూడలేదు. మిగతా పదకొండూ ఎవరికివ్వాలని మా పైవాళ్లు అడిగితే, నేను చూపించాల్సింది ఇవే."

వచ్చే వారం లారీలు వస్తాయని చెప్పి వెళ్లాడు. మోహనకృష్ణ టీ తెప్పించాడు. శుభాకర్ గ్లాసెత్తి, "బావా, నువ్వు అబద్ధం ఆడుంటే మనకి ఒక్క వాల్వే మిగిలీది," అన్నాడు. అందరూ నవ్వారు. తవిటయ్య కూడా నవ్వాడు. తర్వాత కొత్త పుస్తకం తీసి ఆ రోజు రింగును అంటించి, కింద సంతకం పెట్టి, పెన్ను హరిచందనకిచ్చాడు.

"నానెందుకు బాబాయ్?"

"రుద్దింది నాను. సూసింది నువ్వు. ఒక్కడి సంతకం సాలదని తేలిపోనాది గదా."

ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటూనే కూతుర్ని పిలిచాడు. "సత్యా, ఆ నియమాలకి అభిప్రాయం పంపొచ్చన్నావు. గడువుందేటి?"

"ఇంకా ఉంది నాన్న. ఏటి రాయాల?"

"రాసుకో. బాగుసేసినోడు ఒకడు, సూసినోడు ఇంకొకడు ఉండాల. ఇద్దరి పేర్లూ కాయితంమీద ఉండాల. పని తెలిసినోళ్లవి, ఆఫీసోళ్లవి కాదు. అంతే."

"అంతేనా? అందరూ పేజీలకి పేజీలు రాత్తన్నారు."

"ఎక్కువ పూస్తే కనబడదు," అన్నాడు తవిటయ్య.

శ్రీసత్య అంతే రాసి, కింద 'పి. తవిటయ్య, వాల్వు ఫిట్టరు, గోపాలపట్నం' అని పెట్టి, రెండు సంతకాల రింగు ఫొటో జతచేసి పంపింది. అందిందని రెండు ముక్కల జవాబొచ్చింది. ఆ మాట నియమాల్లోకి ఎక్కుతుందో లేదో తవిటయ్య మళ్లీ అడగలేదు. షాపులో మాత్రం ఆ రోజునుంచే అమలైంది.

ఆ ఆదివారం ధనలక్ష్మి అతన్ని పూర్ణా మార్కెట్టు దగ్గరి కళ్లజోళ్ల కొట్టుకు లాక్కెళ్లింది. సోమవారం మిగతా పదకొండు వాల్వుల్లో మొదటి మూడు దిగాయి. తవిటయ్య కొత్త కళ్లజోడు పెట్టుకుని, నీలం డబ్బా మూత తీసి, వేలికొసకు అద్దుకుని, పలకకు తాకించకముందే ఆ వేలిని హరిచందన వైపు చాపాడు.

ఆమె చూసింది. "ఎక్కువైంది బాబాయ్."

తవిటయ్య వేలు గుడ్డకు తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టాడు.